వేడివేడిగా వడ్డించేది ఎవరు?

మన ఇళ్ళల్లో వంటలు రాసిపెట్టుకున్న నోటుబుక్కులు తిరగేస్తే చాలా వంటల కింద ఆఖరి మాట ఒకటే ఉంటుంది: వేడివేడిగా వడ్డించాలి. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో నాయన దగ్గర నేర్చుకున్నాం. కన్నడ వంటల పుస్తకాల్లోనూ ఇదే మాట, "బిసియాగి బడిసి" అని. ఎవరు వడ్డించాలి, వడ్డించినవాళ్ళు ఎప్పుడు తినాలి అనేది రెండు భాషల్లోనూ రాసి ఉండదు.

ఇన్నాళ్ళూ ఈ పేజీల్లో మనం అవ్వల కాలం వంటలు, ఊర్ల పేర్లు, పెండ్లి పాటలు, పాత ఉత్తరాలు చాలానే పోగేసుకున్నాం. ఈసారి ఆ రాయని మాట గురించి రాస్తాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వేడిగా తింటేనే రుచి ఉండే తిండిని మా వారసత్వం అని చెప్పుకునే ప్రతి ఇల్లూ పొయ్యి దగ్గర నిలబడే పనిని పంచుకోవాలి. పంచుకోకపోతే నిలబడేవాళ్ళకి అన్యాయం జరుగుతుంది. ఆ వంట కూడా ఎక్కువ రోజులు నిలవదు.

ఈ ఆలోచన మాలో గట్టిపడింది కోలారులో ఉండి కాదు, లాస్ ఏంజిలస్ పోయి. అక్కడ డౌన్‌టౌన్‌లో ఒక సుషి హ్యాండ్‌రోల్ బార్‌కి మేము రెండుసార్లు పోయినాం. మొదటిసారి 2017లో, ఆఫీసు టెస్టింగ్ పని మీద మూడు నెలలు ఉన్నప్పుడు. రెండోసారి 2024లో, అమ్మను తీసుకొని అక్కావాళ్ళ ఇంటికి పోయినప్పుడు. ఒకే కొట్టు, ఒకే తిండి. మధ్యలో ఏడేండ్లు.

ఆ కొట్టు సంగతి

బార్ అనగానే మనవైపు రోడ్డు పక్క బార్ అండ్ రెస్టారెంట్ గుర్తొస్తుంది. ఇక్కడ బార్ అంటే పొడుగాటి బల్ల, అంతే. ఆ బల్ల మూడువైపులా తిరిగి ఉంటుంది. బయటివైపు ఎత్తు స్టూళ్ళ మీద తినేవాళ్ళు కూర్చుంటారు. లోపలివైపు చేసేవాళ్ళు నిలబడతారు. వేరే టేబుళ్ళు ఉండవు, ముందుగా సీటు బుక్ చేసుకోవడం ఉండదు. 2014లో అదే డౌన్‌టౌన్‌లో కజునోరి అనే కొట్టు తెరిచినప్పటి నుంచి ఈ రకం బార్లు ఫ్యాషన్ అయినాయి. 2019లో న్యూయార్క్‌లో నామి నోరి వచ్చింది. మేము పోయింది ఈ రెండూ కాదు, ఆ దోవలో వచ్చిన ఇంకొకటి.

హ్యాండ్‌రోల్‌ని జపాన్ భాషలో తెమాకి అంటారు. చేత్తో చుట్టింది అని అర్థం. వెనిగర్, ఉప్పు, చక్కెర కలిపిన అన్నాన్ని నోరి అనే సముద్రపు నాచు షీటు మీద పరుస్తారు. దాని మీద ట్యూనా, సాల్మన్, పీత, దోసకాయ, ఏదో ఒకటి పెట్టి చుట్టేస్తారు. మామూలు సుషి రోల్‌ని ముక్కలుగా కోస్తారు, దీన్ని కొయ్యరు. పట్టుకొని కొరుక్కొని తినాలి.

దీంట్లో కిటుకంతా నోరిలో ఉంది. నోరి కాగితం మాదిరి పలచగా, అప్పడం మాదిరి కరకరలాడతా ఉంటుంది. గోరువెచ్చని అన్నం తగిలిన క్షణం నుంచి తేమ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. కాసేపు ఆలస్యం చేస్తే మెత్తబడి తోలులాగా సాగుతుంది. అందుకే ఈ బార్లలో అన్నీ ఒకేసారి తెచ్చిపెట్టరు. ఒకటి చుట్టి నేరుగా మన ముందు పెడతారు, అది అయినాక ఇంకొకటి. 2017లో మాకు ఎదురుగా నిలబడ్డ ఆయన మొదటి రోల్ ఇస్తూనే, ఫొటో తర్వాత, ముందు తినండి అన్నాడు. తిన్నాం. అన్నం వెచ్చగా, చేప చల్లగా, నోరి కరకరా. ఆ మూడూ నోట్లో ఒకేసారి తగలడమే హ్యాండ్‌రోల్.

ఆ పొద్దు మాకు కలిగిన సంతోషం రాగి సంగటి తిన్నప్పటిది. మన కోలారు, చింతామణి, బాగేపల్లివైపు పుట్టినవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. సంగటి చట్టిలోంచి తీసి, తడి చేత్తో ముద్ద కట్టి, తట్టలో వేసిన వెంటనే తినాలి. పితికిపప్పు చారులో ముంచి, నమలకుండా మింగాలి. చల్లారితే అది గట్టిపడిపోతుంది. దోసె కూడా అంతే. పెనం మీద ఉన్న దోసె ఒకటి, పది నిమిషాలు డబ్బాలో మగ్గిన దోసె ఒకటి. ఎక్కడో పసిఫిక్ సముద్రం అంచున ఉన్న కొట్టుకి మన వంటింటి చట్టమే ఉంది కదా అని ఆ ఏడాది అందరికీ చెప్పుకున్నాం.

2024లో చూసింది

రెండోసారి పోయినప్పుడు కొట్టు బాగానే ఉంది. బయట క్యూ తగ్గింది. అట్లాంటి కొట్లు ఊరంతా వచ్చేసినాయి కాబట్టి పాత హడావిడి లేదు. పెన్సిల్‌తో టిక్కు పెట్టే కాగితం బదులు ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్ వచ్చింది. 2017లో నాలుగు రోల్స్‌కి ఇచ్చిన డబ్బుకి ఇప్పుడు మూడు కూడా రావు. దానికి కారణాలు లేకపోలేదు. జపాన్‌లో నోరి ఎక్కువగా పండే అరియాకె సముద్రంలో 2022-23 పంట బాగా దెబ్బతిని, నోరి ధర పెరిగింది. లాస్ ఏంజిలస్ నగరంలో కనీస కూలి 2017 జూలైలో పెద్ద సంస్థలకి గంటకి 12 డాలర్లు ఉండేది, 2024 జూలైకి 17.28 డాలర్లు అయింది. కూలి పెరిగినందుకు బిల్లు పెరిగితే గొణగడం మాకు ఇష్టం లేదు.

ఇంకో మార్పు, పార్సెల్. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆ ఊర్లో హోటళ్ళల్లో కూర్చొని తినడం ఆపేసినారు. అప్పటికప్పుడు తినాల్సిన తిండిని ఇంటికి పంపేదెట్లా? నోరికీ అన్నానికీ మధ్య పలచని ప్లాస్టిక్ పొర పెట్టి, తినేముందు లాగేసే పద్ధతి ఉంది. జపాన్ దుకాణాల్లో అన్నం ముద్దలని ఎన్నో ఏండ్లుగా అట్లే అమ్ముతున్నారు. అక్క ఒకసారి తెప్పించింది. కరకర ఉంది, అన్నం చల్లారిపోయింది. మూడిట్లో రెండే దక్కినాయి.

అమ్మకి ఆ బల్ల దగ్గర కూర్చోవడం కొత్త. స్టూలు ఎత్తు, కాళ్ళు ఆనవు. పచ్చి చేప వద్దంది. మన చెరువు చేపని పసుపు, చింతపండు పెట్టి ఉడికించి తినేవాళ్ళకి అది ఎక్కదు. దోసకాయ, అవకాడో పెట్టినది ఒకటి, ఉడికించిన పీత పెట్టినది ఒకటి తినింది. బాగుంది అనింది. ఎదురుగా ఉన్న కుర్రాడు ఆమె తినేదాకా చూసి, చెయ్యి తుడుచుకొని, ఇంకొకటి చుట్టి ఇచ్చినాడు. మొత్తం ముగ్గురు చేస్తున్నారు. ఇద్దరు స్పానిష్‌లో మాట్లాడుకుంటున్నారు, ఒకామె ఏమీ మాట్లాడలేదు. ముప్పావుగంటలో మా చుట్టుపక్కల స్టూళ్ళ మీద మనుషులు రెండు విడతలు మారినారు. ఆ ముగ్గురు మాత్రం నిలబడినచోటే ఉన్నారు.

అమ్మ అడిగింది, "ఆ పిల్లోడు ఎప్పుడు తింటాడు రా?"

బావ ఆ మాట ఇంగ్లీషులో అడిగినాడు. కుర్రాడు నవ్వి, షిఫ్టు మొదలయ్యేముందే అందరం కలిసి తింటాం, మధ్యలో బ్రేక్ ఉంటుంది అన్నాడు. ఇది వాళ్ళ యజమాని దయ మీద ఆధారపడింది కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఐదు గంటలకు మించి పని చేసేవాళ్ళకి, ఐదో గంట ముగిసేలోపే కనీసం అరగంట భోజన విరామం ఇవ్వాలి. అది కాక నాలుగు గంటలకొకసారి పది నిమిషాల విశ్రాంతి. బావ ఇదంతా తెలుగులో చెప్తే అమ్మ తల ఊపి, "మంచిదే" అని నీళ్ళు తాగింది. ఇంకేమీ అనలేదు. మేమూ అనలేదు. బిల్లు కట్టి బయటికొచ్చినాం.

కానీ మా వృత్తి టెస్టింగ్. ఒక ఫీచర్ పనిచేస్తా ఉందా అని చూడడం సగం పని. అది ఎవరికి పనిచేయడం లేదు అని చూడడం మిగతా సగం. అమ్మ ప్రశ్నని మా ఇంటికే పెట్టి చూసినాం.

మా ఇంటి లెక్క

పండగలకి, సెలవలకి మా ఇంట్లో తొమ్మిది మంది కూడతాం. సాయంకాలం దోసెలు. మనిషికి మూడు అనుకుంటే ఇరవై ఏడు దోసెలు. ఒక్కో దోసెకి రెండు నిమిషాలు పట్టినా యాభై నాలుగు నిమిషాలు. పిల్లలు ఇంకొకటి అంటారు, ఎవరో ఒకరు ఉల్లిపాయ వేసి కావాలంటారు. గంటా పావు అనుకోండి. ఆ గంటా పావు ఎనిమిది మంది వేడి దోసె తింటారు. తొమ్మిదో మనిషి పొయ్యి ముందు నిలబడుతుంది. ఆమె కూర్చునేసరికి ఊరుబిండి గిన్నె అడుగంటి ఉంటుంది, మాట్లాడుకునేవాళ్ళు హాల్లోకి పోయి ఉంటారు. తనకోసం దోసె వేసుకునే ఓపిక లేక, అంతకుముందు మాడిపోయిందని పక్కన పెట్టిన దోసెనే తింటుంది. ఆమెకి ఐదో గంట చట్టం లేదు. కూలి, టిప్పు, షిఫ్టు అయిపోవడం ఇవేవీ లేవు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాసేవాళ్ళం కాదు. కేంద్ర గణాంక శాఖవాళ్ళు మనుషులు రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీస్తారు. 2024 లెక్క ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇది 299, 97. ఆడవాళ్ళకి పది నిమిషాలు, మగవాళ్ళకి తొమ్మిది నిమిషాలు తగ్గింది. మధ్యలో ఉన్న దూరం అట్లే ఉంది.

నిలబడేది ఎవరు, కూర్చునేది ఎవరు అనే దాని మీద తిండిలో నాలుగు పద్ధతులు మాకు కనబడినాయి. హ్యాండ్‌రోల్ బార్‌లో తినేవాళ్ళు కూర్చుంటారు, చేసేవాళ్ళు నిలబడతారు, దానికి కూలి ఉంది. మన బెంగళూరు దర్శినిలో చేసేవాళ్ళూ నిలబడతారు, తినేవాళ్ళూ నిలబడతారు. 1983లో జయనగరంలో మొదలైన ఆ పద్ధతిని ఇప్పుడు ఊరంతా వాడుతుంది. కౌంటర్‌లో ఇడ్లీ తీసుకొని పది నిమిషాల్లో తినేసి పోతాం, ఎవరూ ఎవరికీ కూర్చొని సేవ చేయించుకోరు. మూడోది మన ఇల్లు. తినేవాళ్ళు కూర్చుంటారు, చేసేమనిషి నిలబడుతుంది, కూలి లేదు, చివర్లో తింటుంది.

నాలుగోది జపాన్ ఇల్లు. ఇది తెలిసినాక మాకు బార్ కంటే దీని మీదే మనసు పోయింది. తెమాకి జపాన్ ఇళ్ళల్లో బంధువులు, స్నేహితులు వచ్చినప్పుడు చేసుకునే తిండి కూడా. అన్నం ఒక పెద్ద పాత్రలో, కోసిన చేపలు, గుడ్డు, దోసకాయ ఒక పళ్ళెంలో, నోరి షీట్లు ఒక పక్క పెట్టి అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరిది వాళ్ళే చుట్టుకుంటారు. నోరి ఆగదు అనే సమస్యకి ఆ ఇల్లు కనిపెట్టిన జవాబు అది. అన్నం వండిందీ చేప కోసిందీ ఎవరో ఒకరే అయ్యుండచ్చు, ఆ పని లేదని మేము అనడం లేదు. కానీ తినే సమయానికి ఆ మనిషి కూడా కూర్చుంటుంది. వేడి అన్నమూ కరకర నోరీ ఆమెకి కూడా దక్కుతాయి. బార్ వచ్చి ఆ ఇంటి బల్లని తీసుకుంది, చుట్టే పనిని మాత్రం మళ్ళీ ఒకరి చేతికి ఇచ్చింది.

నోరి వెనకాల ఒకామె

ఈ నోరి గురించి చదివేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం అయినాక జపాన్ తీరంలో నోరి పంట ఘోరంగా దెబ్బతింది. నోరి విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో, వేసవిలో ఎక్కడ దాక్కుంటుందో ఎవరికీ తెలీదు. అందుకే దాన్ని అదృష్టపు గడ్డి అనేవాళ్ళు. వస్తే వస్తుంది, లేకుంటే లేదు. 1949లో ఇంగ్లండ్‌లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే శాస్త్రవేత్త, తన దేశపు తీరంలో పెరిగే ఆ జాతి నాచుని గమనించి, అది వేసవంతా గవ్వల్లో ఇంకో రూపంలో బతుకుతుందని కనిపెట్టింది. ఆ ఒక్క విషయం పట్టుకొని జపాన్ శాస్త్రవేత్తలు గవ్వల మీద నోరి విత్తనం పెంచడం నేర్చుకున్నారు. పంట నిలబడింది. ఈరోజు బెంగళూరు సూపర్‌మార్కెట్‌లో నోరి ప్యాకెట్ దొరుకుతుందంటే దాని వెనక ఆ పని ఉంది.

ఆమె మాంచెస్టర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. పెండ్లి అయిన ఆడవాళ్ళని ఉద్యోగంలో ఉంచుకోని నియమం వల్ల, 1928లో పెండ్లి చేసుకున్నాక ఆ ఉద్యోగం పోయింది. తర్వాత జీతం లేని పరిశోధకురాలిగా పని చేస్తా ఉండింది. 1957లో చనిపోయింది. జపాన్ ఎప్పుడూ చూడలేదు. 1963లో నోరి పండించేవాళ్ళు కుమామోతో జిల్లా ఉతో అనే ఊర్లో, సముద్రం కనబడేచోట ఆమెకి స్మారకం కట్టినారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ చేరి ఆమెని తలుచుకుంటారు.

ఇది మా వాదానికి పక్కదోవ అనుకోవద్దు. జీతం లేకుండా, పేరు లేకుండా ఒకరు చేసిన పని మీదే ఆ బార్ అంతా నిలబడింది. జపాన్‌వాళ్ళు కనీసం ఆలస్యంగానైనా ఆమె పేరు రాయి మీద రాసినారు. మన వంటల నోటుబుక్కుల్లో ఎన్ని పేర్లు ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

ఆగే తిండి, ఆగని తిండి

ఆ డౌన్‌టౌన్‌కి పక్కనే లిటిల్ టోక్యో ఉంది. 1884 ప్రాంతంలో ఒక జపాన్ నావికుడు పెట్టిన హోటల్‌తో మొదలైన పేట అది. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ వంశస్థులు లక్షా ఇరవై వేల మందిని క్యాంపుల్లో పెట్టినప్పుడు ఆ పేట ఖాళీ అయింది. తర్వాత తిరిగొచ్చి మళ్ళీ నిలబెట్టుకున్నారు. అద్దెలు పెరిగి పాత కొట్లు ఖాళీ చేయాల్సి వస్తా ఉందని, 2024లో అమెరికా వారసత్వ సంరక్షణ ట్రస్టు దాన్ని ప్రమాదంలో ఉన్న పదకొండు చోట్ల జాబితాలో చేర్చింది. ఇంటి నుంచి దూరంగా స్థిరపడి నాలుగైదు తరాలైనవాళ్ళ పేట కాబట్టి అక్కడ నడుస్తా ఉంటే మనకి పరాయితనం అనిపించదు.

అక్కడ ఫుగెత్సుదో అనే మిఠాయి కొట్టు 1903 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తా ఉంది. బియ్యపు పిండితో చేసే మోచి అమ్ముతారు. అమ్మ ఒక డబ్బా కొనుక్కొని అక్కావాళ్ళింటికి తెచ్చింది. మర్నాటికీ బాగుంది.

మోచి ఒక రోజైనా ఆగుతుంది, హ్యాండ్‌రోల్ ఒక్క నిమిషం ఆగదు. దూరంగా స్థిరపడ్డ మన కుటుంబాల్లోనూ రెండు రకాలు ఉన్నాయి. ఆగే తిండిని మనం బాగా కాపాడుకున్నాం. ఊరగాయ, కారంపొడి, చింతపండు తొక్కు, నిప్పట్లు, ఓళిగలు డబ్బాల్లో కట్టి పూణేకి, చెన్నైకి, బరంపురానికి, అమెరికాకి పంపుతాం. ఇప్పుడైతే అన్నీ దుకాణంలోనూ దొరుకుతాయి. సంగటిని డబ్బాలో పంపలేం. పెనం మీది దోసెని కొరియర్ చేయలేం. ఆ వంటలు ఉండాలంటే ఆ ఇంట్లో, ఆ నిమిషానికి, చేయడం తెలిసిన ఒక మనిషి నిలబడి ఉండాలి.

ఆ మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరే అయితే, ఆమెతోపాటే ఆ వంట పోతుంది. మా ఇంట్లో సంగటి కట్టె తిప్పడం అమ్మకి వచ్చు. అక్కకి కొంచెం వచ్చు. మిగతా ఏడుగురికి తినడం వచ్చు. వారసత్వం అని ఇంత రాస్తున్నాం కానీ, లెక్కకి ఒకటిన్నర మనిషి చేతిలో ఉంది.

ఎదురు మాటలు

ఈ మాట ఇంట్లో ఎత్తితే మొదట వచ్చే జవాబు, పిల్లలకి వేడిగా పెట్టడంలోనే నాకు సంతోషం అని. ఆ సంతోషం అబద్ధం అని మేము అనం. తినేవాళ్ళ మొహం చూస్తా వడ్డించడంలో ఆనందం ఉంది, బార్‌లో ఆ కుర్రాడి మొహంలోనూ అది కనబడింది. కానీ అది అంత సంతోషమైన పని అయితే ఇంట్లో మిగతావాళ్ళు దాన్ని ఇన్నేండ్లూ ఆమె ఒక్కదానికే ఎందుకు వదిలేసినారు? ఆమె కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తినే సంతోషం కూడా ఆమెకి ఇచ్చి చూసి, అప్పుడు రెండిట్లో ఏది కావాలో ఆమెనే అడగచ్చు.

రెండో జవాబు, అందరూ వంటింట్లో దూరితే గందరగోళం, దోసెలు మాడిపోతాయి అని. నిజమే, మాడతాయి. మొదటి నెల మాడతాయి. తర్వాత తగ్గుతాయి. అమ్మ మొదటి దోసె కూడా ఎప్పుడో మాడే ఉంటుంది.

మూడో జవాబు, వంటమనిషిని పెట్టుకుంటే పోతుంది కదా అని. డబ్బున్నవాళ్ళు పెట్టుకోవచ్చు, సరైన జీతం, కూర్చుని తినే సమయం ఇస్తే తప్పేమీ లేదు. కానీ అప్పుడు ఆ వంట మన ఇంటిది అని చెప్పుకోవడం కొంచెం కష్టం. నిలబడే పని వేరే ఇంటి ఆమెకి మారింది, అంతే. ఆమె తన ఇంటికి పోయి మళ్ళీ నిలబడాలి.

మేము చేస్తున్నది

లాస్ ఏంజిలస్ నుంచి వచ్చినాక మా ఇంట్లో కొన్ని మార్చినాం. పెద్ద గొప్పవేమీ కావు.

దోసెలకి ఇండక్షన్ పొయ్యి ఒకటి హాల్లో భోజనాల బల్ల మీదికి వచ్చింది. పిండి, పెనం, నూనె, ఊరుబిండి అన్నీ అక్కడే. ఎవరి దోసె వాళ్ళే వేసుకోవాలి, చిన్నపిల్లలకి పక్కనున్నవాళ్ళు వేయాలి. జపాన్ ఇంటి బల్ల అన్నామే, దాదాపు అదే. అమ్మ కూర్చుంటుంది. మొదటి రెండు వారాలు కూర్చోలేక లేచి లేచి వచ్చింది. ఇప్పుడు కూర్చుని, తిప్పు, తిప్పు, మాడుతుంది అని అరుస్తా ఉంటుంది.

సంగటి రోజు ఒకరు కట్టె తిప్పితే ఇంకొకరు ముద్ద కట్టాలి. మొదటి ముద్ద వండినవాళ్ళ తట్టలోకే పోవాలి. ఈ నియమం నాయన పెట్టినాడు, డెబ్భై దాటినాక. ముద్ద కట్టడం ఆయనే నేర్చుకున్నాడు, చెయ్యి కాలుతుందని మొదట్లో గొణుగుతా ఉండె.

ఎక్కువమంది వచ్చే పండగ రోజు ఆగే తిండి చేస్తున్నాం. చిత్రాన్నం, పులిహోర, ఓళిగ, కోసంబరి ముందే చేసి పెట్టేసి అందరం ఒకేసారి కూర్చుంటాం. పెనం మీది పనులు నలుగురైదుగురం ఉన్న మామూలు రోజులకి.

ఇక నోటుబుక్కు. అక్క వంటలు మళ్ళీ రాస్తా ఉంది. ప్రతి వంట కింద అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో పేరు రాస్తుంది. ఆఖరి మాటని కూడా మార్చింది. వేడివేడిగా వడ్డించాలి అని ఉన్నచోట, వండినవాళ్ళు కూడా కూర్చున్నాక వడ్డించుకోవాలి అని రాసింది.

మీ ఇళ్ళల్లో ఎవరు నిలబడతా ఉన్నారు, ఎప్పుడు తింటా ఉన్నారు అనేది ఈ వారం ఒక్కరోజు గడియారం పెట్టి చూడండి. మీ అవ్వ, అమ్మ, అత్త, వదిన చేసే వంటని ఈ పేజీలకి పంపేటప్పుడు ఆ లెక్క కూడా ఒక వాక్యంలో రాయండి. కొలతలతో పాటు అది కూడా అచ్చు వేసుకుందాం.